సాక్షి, సంగ్రాహకుడు: బ్రౌజరు ఎంపికలో ఒక ధర్మవిచారం

అంతర్జాలంలోని పుటలను తెచ్చి తెరపై చూపే సాధనాన్ని బ్రౌజరు అంటారు. ట్యాబ్‌లో ఏ బ్రౌజరు ఉండాలన్నది పైకి సరుకు ఎంచుకునే ప్రశ్నలా కనిపించినా, దాని అడుగున మనిషి లోపలి జీవితాన్ని చూసే అధికారం ఎవరిది, చూసినదాన్ని పోగుచేసుకుని వాడుకునే అధికారం ఎవరిది అనే రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. భారతీయ దర్శనాలు చూడటాన్నీ పోగుచేయడాన్నీ వేరుగానే ఎంచాయి గనుక, ఎంపికకు కావలసిన గీటురాయి అక్కడే దొరుకుతుంది.

ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దున, పామాయిలు తోటల నడుమ ఉన్న దమ్మపేట వంటి చోట, ఇంటికొచ్చిన ట్యాబ్ ఒక్కరి సొత్తుగా ఉండటం అరుదు. పిల్లలు దానిలో పాఠాలు చూస్తారు, రైతు గెలల ధర చూసుకుంటాడు, ఎవరితోనూ చెప్పుకోలేని ఒంటి బాధకు కారణం ఏమిటోనని ఇల్లాలు దానిలోనే వెతుకుతుంది. ఇటువంటి ఇంట్లో గోప్యత మాట ఎత్తితే వెంటనే ఎదురయ్యే వాదం ఒకటుంది: తప్పు చేయనివారికి దాపరికం ఎందుకు, పైవాడు అన్నీ చూస్తూనే ఉన్నాడు కదా అని. విశ్వాసం నుంచి పుట్టిన వాదం కాబట్టి దీనికి విశ్వాసపు భాషలోనే జవాబు వెతకాలి.

శ్వేతాశ్వతరోపనిషత్తు పరమాత్మను సాక్షి అంటుంది. వేదాంత పరిభాషలో సాక్షి అంటే చూస్తూ ఉండి, చూసినదాని వల్ల ఏ లాభమూ పొందనిది, ఏ మార్పుకూ లోనుకానిది. ముండకోపనిషత్తులో ఒకే చెట్టుపై ఉన్న రెండు పక్షుల్లో ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. ఆ తినకపోవడంలోనే దాని సాక్షిత్వమంతా ఉంది. దీనితో అంతర్జాలపు చూపును పోల్చిచూస్తే తేడా దాచినా దాగదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటులి రూపొందించిన కుకీ, అంటే వచ్చినవారిని మళ్లీ గుర్తుపట్టేందుకు సైటు బ్రౌజరులో ఉంచే చిన్న గుర్తు, మొదట సౌకర్యం కోసమే పుట్టింది. తరువాత అనేక సైట్లలో తిష్ఠవేసిన ప్రకటనల సంస్థలు తమ సొంత కుకీలతో, ఒకే మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో జతచేసి, అతని ఆశలూ భయాలూ రోగాలూ అంచనావేసి, ఆ అంచనాను అమ్మకపు వస్తువుగా మార్చాయి. ఇక్కడ చూసేది పండు తినే పక్షి. దానికి దేవుడి సర్వజ్ఞత్వాన్ని అండగా చూపడం భక్తి అనిపించుకోదు. భక్తికి అది అపచారం.

పతంజలి యోగసూత్రాలు చెప్పిన అయిదు యమాలలో చివరిదైన అపరిగ్రహం, జైనుల మహావ్రతాల్లోనూ ఒకటి. అవసరానికి మించి స్వీకరించకుండా, పోగుచేయకుండా ఉండటం దాని భావం. దొంగిలించరాదనే అస్తేయం వేరుగా ఉండగా అపరిగ్రహాన్ని మళ్లీ చెప్పడం గమనించదగింది: యజమాని అనుమతితో తెచ్చుకున్నదైనా, కుప్పపోయడమే ఒక దోషమని దీని తాత్పర్యం. ఎవరూ చదవని పొడవాటి షరతుల కింద ఒక్క వేలిముద్దెరతో అనుమతి తీసుకున్నామని చెప్పే సంస్థలకు అస్తేయం విషయంలో ఏదో ఒక సమాధానం దొరకవచ్చు గానీ అపరిగ్రహం విషయంలో దొరకదు. కనుక, సేకరించి భద్రంగా కాపాడతానని మాట ఇచ్చే బ్రౌజరు కన్నా అసలు సేకరించనిదే మేలు.

ఈ గీటురాయిపై గీసి చూస్తే, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో సాధారణంగా ముందే ఉండే క్రోమ్ నిలవదు, ఎందుకంటే దాన్ని తయారుచేసే గూగుల్‌కు ప్రకటనలే ప్రధాన ఆదాయం. అందులోని ఇన్‌కాగ్నిటో విండో ట్యాబ్‌లో చరిత్రను మిగల్చదు గాని సైట్ల చూపును ఆపదు. దీనిపై 2020లో అమెరికాలో దాఖలైన దావా, కోట్లాది రికార్డులను తొలగించేందుకు ఆ సంస్థ అంగీకరించడంతో 2024లో రాజీకి వచ్చింది. అయితే ఒకే ట్యాబ్‌ను నలుగురు వాడే ఇంట్లో ఆ ఇల్లాలికి ఇంటివారి చూపు నుంచి రక్షణ ఇచ్చేది ఇటువంటి విండోయే కాబట్టి, దాన్ని తీసిపారేయకూడదు. దాని హద్దు తెలిసి వాడాలి.

లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్ నీడలో తయారయ్యే ఫైర్‌ఫాక్స్, తెలిసిన ట్రాకర్లను, అంటే వెంటాడే సాధనాలను, చాలావరకు మొదటి నుంచే అడ్డుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో, ప్రకటనలను, ట్రాకర్లను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ అనే పొడిగింపును కూడా చేర్చుకోనిస్తుంది. మొజిల్లా ఆదాయంలో అధికభాగం గూగుల్‌తో ఉన్న సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుందన్నది మాత్రం మరచిపోరాని లోపం. బ్రేవ్ అనే మరో బ్రౌజరు ప్రకటనలను బాగా ఆపుతుంది, అయినా 2020లో కొన్ని చిరునామాలకు తన కమీషన్ లింకులను తానే జోడించి విమర్శల పాలైంది. ఐప్యాడ్‌లో, మన దేశంలో, ఏ పేరు గల బ్రౌజరైనా ఆపిల్ వారి వెబ్‌కిట్ యంత్రంపైనే నడవాలి గనుక ఆ సంస్థ సొంత బ్రౌజరు సఫారీని వదిలినంత మాత్రాన లాభం తక్కువ.

టోర్ బ్రౌజరు కాస్త నిలిచి ఆలోచించదగింది. ఇది సందేశాన్ని మూడు మజిలీల మీదుగా పంపి మూలాన్ని మరుగుపరుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, వాడేవారందరినీ వీలైనంతవరకు ఒకే రూపంలో కనిపించేలా చేస్తుంది. తెర కొలత, ఫాంట్లు, భాష వంటి వివరాలను కలిపి పేరడగకుండానే పరికరాన్ని గుర్తుపట్టే పద్ధతిని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. ప్రపంచంలో తెలుగును ఎంచుకున్న బ్రౌజర్లు తక్కువ కాబట్టి ఆ ఎంపిక కూడా ఒక ఆనవాలే అవుతుంది. మాల వేసుకున్న అయ్యప్ప భక్తులంతా ఒకే రంగు బట్టలో, స్వామి అన్న ఒకే పిలుపులో తమ పేరూ హోదా కరగించుకున్నట్టు, ఇక్కడ ఒక్కొక్కరి రక్షణ అందరి సారూప్యం నుంచి వస్తుంది. అయినా నెమ్మదిగా నడవడం, కొన్ని సైట్లు దాన్ని రానివ్వకపోవడం వల్ల రోజువారీ పనికి టోర్ ఒదగదు.

మంత్రాన్ని రహస్యంగా ఉంచమన్న గురువు ఆజ్ఞను దాటి, తిరుక్కోష్టియూరులో రామానుజులు దాన్ని అందరికీ వినిపించారన్న సంప్రదాయ కథను చూపి, మతం దాపరికానికి వ్యతిరేకమని ఎవరైనా అనవచ్చు. కానీ ఆయన బయటపెట్టింది తనకు అందిన విద్యను, ఫలితంగా నరకమొస్తే తానే భరిస్తానని ఒప్పుకుని; ఎదుటివారి అంతరంగాన్ని కాదు. ఈ మన్యపు కోయల సంప్రదాయమే చూస్తే, మేడారం జాతరలో చిలకలగుట్టపై పూజారులు సమ్మక్కకు చేసే పూజను లక్షల భక్తులు చూడరు, చూపమని అడగరు. కనబడకపోవడం అక్కడ పవిత్రతకు రక్షణ.

న్యాయస్థానాలూ చివరికి ఈ దారికే వచ్చాయి. ఇష్టం లేని దాంపత్యానికి భార్యను బలవంతపెట్టడం ఆమె గోప్యతకు భంగమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ప్రకటించగా, మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. 2017 ఆగస్టు 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఉన్న తొమ్మిదిమంది ధర్మాసనం, పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. పిల్లల విషయమే ఇంకా ఆందోళనకరం. 49 దేశాల విద్యా యాప్‌లను, సైట్లను పరిశీలించి 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఇచ్చిన నివేదిక, వాటిలో అత్యధికం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే రీతిలో సమాచారాన్ని వాడాయని తేల్చింది. 18 ఏళ్లలోపు వారిని వెంటాడి గమనించడాన్ని, వారిపై గురిపెట్టిన ప్రకటనలను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిషేధిస్తుంది గానీ, కాగితంపై ఉన్న నిషేధం ఇంట్లోని ట్యాబ్‌ను తానుగా కాపాడదు. దమ్మపేట తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ ఆండ్రాయిడ్ ట్యాబ్ చేతికందిన రోజే ఫైర్‌ఫాక్స్‌నూ యూబ్లాక్ ఆరిజిన్‌నూ చేర్చి, ఫైర్‌ఫాక్స్‌నే ప్రధాన బ్రౌజరుగా మార్చి, అలా ఎందుకు చేశారో పిల్లలకు వివరంగా చెప్పాలి.