ఎవరి శబ్దము ఎవరి చెవికి?

శబ్దము ఆకాశగుణమనియు, అది వీచీతరంగన్యాయమున వ్యాపించుననియు మన తార్కికులు చెప్పిరి. మైపాడు తీరమున ఒక కెరటము వెంట మఱియొక కెరటము పుట్టుట చూచినవారికి ఈ న్యాయమును వేఱుగా బోధింప నక్కఱలేదు. ఇట్లు తనంతట వ్యాపించు శబ్దమునకు కంప్యూటరు నేడు దారి యేర్పఱచుచున్నది. ఏ శబ్దము ఏ చెవికి చేరవలయునో నిర్ణయించు అధికారము మన చేతికి వచ్చినది. అధికారమున్నచోట ధర్మప్రశ్నయు నుండును.

కంప్యూటరులో నడచు ప్రతి ప్రోగ్రామును తన ధ్వనిని వేఱు ధారగా పంపును. ఆ ధారలన్నిటిని కలిపి ఒక్క స్పీకరునకో, ఒక్క ఇయర్‌ఫోనునకో చేర్చుట యంత్రమునకు వాడుక. 2018 ఏప్రిలు మార్పుతో విండోస్ 10 నందు ఒక్కొక ప్రోగ్రామునకు ఒక్కొక పరికరమును నియమించు వీలు కలిగినది. విండోస్ 11 నందు ఆ యేర్పాటు వాల్యూమ్ మిక్సరులో నున్నది. లినక్సు వాడువారికి పల్స్‌ఆడియో వలన ఈ సౌకర్యము అంతకు పూర్వమే కలదు. అయితే ఒకే బ్రౌజరులోని రెండు పుటల ధ్వనులను ఈ పద్ధతిని విడదీయుట సాధారణముగా సాధ్యము కాదు. పాఠమును ఒక బ్రౌజరునను, పాటను వేఱొక బ్రౌజరునను తెఱవవలయును.

దీనివలని మేలు విలాసము మాత్రమే కాదు. చూపులేని విద్యార్థికి తెరమీది యక్షరములను చదివి వినిపించు ఎన్‌.వి.డి.ఎ. వంటి ప్రోగ్రామే కన్ను. దాని పలుకు అతని ఇయర్‌ఫోనునకును, ఉపాధ్యాయుని పాఠము స్పీకరునకును పోయినచో తరగతికి భంగము లేదు. అతని సొంత ఉత్తరములు పదుగురి చెవిని పడవు. ఒకే గది యున్న యింట చెల్లెలు పరీక్షకు చదువుచుండగా అన్న ఆటచప్పుడు తన చెవికే పరిమితమగుట మర్యాద.

చెవులు వేఱైన మనసులును వేఱగునని కొందఱందురు. ఈ యాక్షేపణ తోసివేయదగినది కాదు. 1989 నవంబరులో కావలి చెంత తీరము దాటిన తుపాను నెఱిగిన ఈ ప్రాంతమువారికి, అందఱును వినవలసిన మాట యొకటి యుండునని తెలియును. హెచ్చరిక వచ్చు ప్రోగ్రామును ఎవరును పెట్టుకొనని ఇయర్‌ఫోనునకు అప్పగించితిమేని, ఆ హెచ్చరిక పలికియు పలుకనట్లే. యంత్రము చెప్పినట్లే చేసినది, దోషము పంచినవానిది. తనకు నచ్చిన పాటను వీథికెల్ల వినిపించువాని దోషమును ఇట్టిదే. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు బహిరంగస్థలమున లౌడుస్పీకరు కూడదని 2000 నాటి నిబంధనలు చెప్పవలసివచ్చుటకు కారణమదియే.

కావున, మనకు ప్రియమైనది మన చెవికి, పరులకు హితమైనది పరుల చెవికి చేర్చుటయే ఈ విభజనమునకు ధర్మమని మేము తలంచుచున్నాము. ఆ పట్టికలో ప్రోగ్రాముల పేర్లు కలవు, పరికరముల పేర్లు కలవు. గదిలోని మనుష్యుల పేర్లు లేవు. వారిని తలచుకొనవలసిన భారము మనది.