దేవుని అతిథులు

ఇంట గింజ లేని దినమున తల్లి తన బిడ్డతో నేమి చెప్పవలెను? ఉత్తరదేశమునందలి బదాయూన్ పట్టణమున బీబీ జులేఖా యను వితంతువు, "నిజామూ! నేడు మనము దేవుని అతిథులము" అని చెప్పుచుండెడిది. ఒకమారు ఎవరో ధాన్యమిచ్చిరి. దినములు గడచినను అది తరుగలేదు. అమ్మ ఆ మాట మరల నెప్పుడు పలుకునా యని బాలుడు విసిగిపోయెనట! 1238 ప్రాంతమున జన్మించి, పసితనముననే తండ్రిని గోల్పోయిన ఆ బాలుడే హజరత్ నిజాముద్దీన్ ఔలియా.

ఈ కథ చెప్పి పేదరికమును పొగడువారు కలరు. అది సరికాదు. పస్తును దేవుని విందుగా భావించు అధికారము పస్తున్నవారిదే. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి ఆ మాట ఉపదేశించిన, అది క్రౌర్యమగును. నిజాముద్దీన్ దానిని తనకే యుంచుకొని, పరులకు అన్నము పెట్టెను.

ఇరువదియేండ్ల ప్రాయమున ఆయన అజోధనమునకు, అనగా నేటి పాకిస్తానులోని పాక్‌పట్టణమునకు, పోయి బాబా ఫరీదును గురువుగా స్వీకరించెను. అచ్చటి శిష్యులు కట్టెలు తెచ్చెడివారు, అడవికాయలు కోసెడివారు. ఉడికించు పని నిజాముద్దీనుది. ఒకనాడు ఉప్పు లేకపోగా అంగడిలో అప్పుచేసి తెచ్చివేసెను. గురువు ముద్దను చేతబట్టి, చేయి బరువగుచున్నదని పళ్లెమున విడిచెను. రుచికొరకు ఋణపడుటకంటె ఆకలితో మరణించుట సాధువునకు మేలని మందలించెను. చిటికెడు ఉప్పునకు ఇంత యేల యని మనకు తోచును. కాని చేయిచాచుట అలవడినవానికి రాజద్వారము ఎంతో దూరముండదు.

అలావుద్దీన్ ఖిల్జీ దర్శనము కోరినప్పుడు, తన యింటికి రెండు వాకిండ్లు కలవనియు, సుల్తాను ఒకదానిని ప్రవేశించినచో తాను రెండవదానినుండి వెడలిపోదుననియు ఆయన చెప్పిపంపెనని ప్రసిద్ధి. ఢిల్లీ చెంత గియాస్‌పురమునందలి ఆయన మఠమునకు వచ్చిన కానుకలు వచ్చినట్లే అన్నార్తులకు పోవుచుండెను. శుక్రవారపు ప్రార్థనకు ముందు కొట్టులు ఖాళీచేయించి ఊడ్పించుచుండెను. తాను మాత్రము ఉపవాసి. తెల్లవారుజామున సేవకుడు భోజనము తెచ్చి బతిమాలినను, మసీదు మూలలందును అంగళ్ల అరుగులమీదను ఎందరో పస్తుతో పరుండియుండగా ఈ ముద్ద గొంతు దిగునా యని కన్నీరు పెట్టుకొనుచుండెను.

నేడు ఢిల్లీలో ఆయన పేర పేటయు, రైలుస్టేషనును కలవు. దర్గాలోని ప్రస్తుత సమాధిమందిరము 1562లో నిర్మింపబడినది. చేరువనే ప్రియశిష్యుడైన అమీర్ ఖుస్రో సమాధి. మరియొకచోట 1681లో మరణించిన మొగలు రాకుమారి జహానారా సమాధి, పైన పచ్చిక మాత్రమే. హిందువులును ముస్లిములును వచ్చి, కోరికలు కోరుకొని, దారములు కట్టి పోవుదురు. కోరుట తప్పుకాదు. కాని వాకిట కూర్చున్న ఆకలిగొన్నవానిని దాటి లోనికి పోవువారు ఎవరి దర్శనమునకు పోవుచున్నారో!

1325లో అవసానకాలమున ఆయన కొట్టులోని ధాన్యమంతయు పంచిపెట్టుమని ఆజ్ఞాపించెను. మఠవాసులకొరకు ఇక్బాల్ అను సేవకుడు కొంత దాచియుంచెనని తెలియగానే, కొట్టు తలుపులు పగులగొట్టి జనులను తీసికొనిపొమ్మనెను. పిమ్మట ఆ నేల ఊడ్వుమని చెప్పెను.