రాయి కింద తాత

మా ఊళ్లో ప్రార్థన మందిరం లేవకముందే ఆ మామ్మ భర్త చనిపోయాడు. ఆయనకు గువార్ చేశారు, దున్నపోతును కోశారు, రాయి నిలబెట్టారు. చాలా ఏళ్ల తర్వాత కొడుకులూ కోడళ్లూ బాప్తిస్మం తీసుకున్నారు. చివరికి మామ్మ కూడా సరేనంది. గెడ్డ దగ్గర అందరం నిలబడి ఉండగా పాస్టరుగారిని ఒక్క మాట అడిగింది.

"బాబూ, మా ముసిలోడు ఏసయ్య పేరు ఇనకుండానే ఎల్లిపోనాడు. ఆడిప్పుడు ఏ కాడున్నాడు?"

పాస్టరుగారు తడుముకోలేదు. అగ్నిలో ఉన్నాడన్నారు. "ఎన్నాళ్లుంటాడు?" అంది మామ్మ. "ఎల్లకాలం" అన్నారు. ఆమె ఇంకేమీ అడగలేదు. కోక కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగింది.

ఆ పాస్టరుగారు చెడ్డమనిషి కాదు. జ్వరాల రోజుల్లో మా డోలీలకు భుజం పట్టిన మనిషి. తనకు నేర్పినదే ఆయన చెప్పాడు. కానీ ఆ రోజు గట్టు మీద నిలబడిన పిల్లలం మేము ఈనాటికీ అదే ప్రశ్నతో తిరుగుతున్నాం. దేవుడు ప్రేమాస్వరూపి అన్న నోటితోనే, ఆ ప్రేమ సంగతి చెవిన పడే దారే లేని మనిషిని ఆ దేవుడే అంతు లేకుండా కాలుస్తాడని చెప్పడం కుదురుతుందా?

మాకు తోచింది ముందే చెప్పేస్తాం. కుదరదు. అలాగని నరకమూ లేదు, తీర్పూ లేదు అని చేతులు దులుపుకోవడం కూడా మాకు చేతకావడం లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు మా చనిపోయినవాళ్ల గురించి చెప్పాలి.

సవరలకు చావు అంటే మాట ఆగిపోవడం కాదు. పోయినవాడు సోనుం అయి, పూజారమ్మ నోటితో మాట్లాడేవాడు. అప్పు ఎవరికి ఉందో చెప్పేవాడు, కొడుకును తిట్టేవాడు, ఏడ్చేవాడు, కల్లు అడిగేవాడు. అలా ఏళ్ల తరబడి మాట్లాడి మాట్లాడి కోపం తగ్గి, కింది లోకంలో కూడా మళ్లీ చనిపోయి, చివరికి సీతాకోకచిలుక అయిపోతాడని పెద్దలు చెప్పేవారు. ఇదంతా తియ్యని కథ అని మేము అనడం లేదు. సోనుం జబ్బు తెచ్చేది. జబ్బు దించడానికి దున్నపోతు కావాలి, దున్నపోతుకు షావుకారు అప్పు కావాలి. ఆ భయం నుంచీ ఆ ఖర్చు నుంచీ బయటపడటానికే మాలో చాలామంది ఏసయ్య దగ్గరికి వెళ్లారు. అది నిజమైన విడుదలే. ఇప్పుడు చనిపోయినవాళ్లు మమ్మల్ని ఏమీ అడగరు. కానీ వాళ్లు కాలుతున్నారని కూడా మాకు చెప్పారు. పాత భయం కన్నా ఇది పెద్దది. దున్నపోతును ఇచ్చినా తీరనిది.

ఈ బాధ మా కొండలకే పరిమితం అనుకునేవాళ్లం, చదువుకున్నాక కాదని తెలిసింది. ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాన్ వెళ్లాడు. తిరిగి వచ్చాక 1552 జనవరిలో కొచ్చిన్ నుంచి యూరప్‌లోని తన సహచరులకు పెద్ద ఉత్తరం రాశాడు. యమగుచి పట్టణంలో కొత్తగా క్రైస్తవులైనవాళ్లు, చనిపోయిన తల్లిదండ్రుల కోసం ఏడ్చారని అందులో ఉంది. వాళ్లను నరకం నుంచి బయటికి తెచ్చే దారి లేదా అని అడిగారట. లేదని జేవియర్ చెప్పాడు. వాళ్లు ఏడుస్తుంటే తనకూ బాధ కలిగిందని రాసుకున్నాడు. ఆయన అంత నిజాయితీగా రాశాడు కనుకనే ఆ కన్నీళ్లు ఇన్ని వందల ఏళ్ల తర్వాత మా దాకా వచ్చాయి.

అదే ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. దాన్ని మేము ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. దేవుడు అంత మంచివాడైతే మాకు ఇన్నాళ్లూ ఎందుకు తెలియజేయలేదని జపాన్‌వాళ్లు అడిగారు. దానికి జేవియర్ చెప్పిన జవాబు ఇది: చదువూ సంధ్యా లేకుండా కొండ మీద పెరిగిన మనిషిని తెచ్చి అడగండి, చంపడం, దొంగిలించడం పాపమని అతనికీ తెలుసు. ఎవరు నేర్పారు? సృష్టించినవాడే నేర్పాడు.

కొండ మీద పెరిగిన ఆ మనిషి మా తాతే కదా. దేవుడు ఎవరి చేతా పుస్తకం పంపకుండానే మా తాత గుండెలో స్వయంగా రాశాడని జేవియర్ ఒప్పుకుంటున్నాడు. పౌలు కూడా రోమీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో, ధర్మశాస్త్రం లేని అన్యజనుల మనస్సాక్షి గురించి ఇటువంటి మాటే చెబుతాడు. మరి నేర్పినవాడికి నేర్చుకున్నవాడు పరాయివాడు ఎట్లా అవుతాడు? పిల్లవాడికి ఇంట్లో చదువు చెప్పి, బడి రిజిస్టరులో పేరు లేదని పరీక్షలో తప్పించే మేష్టారు ఎవరైనా ఉంటారా?

బైబిలు చదివే యువకులు ఇక్కడ మమ్మల్ని ఆపుతారు. నిత్యశిక్ష అన్న మాట మత్తయి 25వ అధ్యాయంలో యేసు నోటి నుంచే వచ్చింది కదా అంటారు. వచ్చింది. దాన్ని దాచిపెట్టి మాట్లాడేవాళ్లను మేము నమ్మం. కానీ ఆ అధ్యాయం మొత్తం చదవండి. గొర్రెలనూ మేకలనూ వేరుచేసే ఆ కథలో రాజు అడిగింది ఏమిటి? ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టావా, పరదేశిని ఇంట్లో చేర్చుకున్నావా, బట్టలేనివాడికి బట్ట ఇచ్చావా, రోగిని చూశావా. నా పేరు విన్నావా అని అడగలేదు. పైగా కుడిపక్కన నిలబడ్డవాళ్లకు తాము ఎవరికి అన్నం పెట్టారో తెలియదు, నిన్ను ఎప్పుడు చూశామయ్యా అని తిరిగి అడుగుతారు. మా కొండల్లో దారి తప్పిన బాటసారికి చోడి అంబలి పోయని గడప మా చిన్నతనంలో మేము చూడలేదు. నిత్యశిక్ష అన్న మాట దొరికే ఆ చోటే మామ్మ భర్తకు తలుపు తెరిచి ఉంది. ఆ రోజు గెడ్డ దగ్గర ఎవరికీ ఇది గుర్తు రాలేదు.

నరకం అన్న తెలుగు మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. పురాణాల్లో నరకానికి గడువు ఉంటుంది. చేసిన పాపానికి తగినంత అనుభవించి, మళ్లీ పుట్టాలి. యేసు వాడిన మాట గెహెన్నా, యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు. ఒకప్పుడు అక్కడ కన్నవాళ్లే తమ పిల్లలను అగ్నికి ఇచ్చారు. యిర్మీయా గ్రంథం 7వ అధ్యాయంలో దేవుడు దాని గురించి మండిపడతాడు. అలా చేయమని తాను చెప్పలేదనీ, అటువంటి ఆలోచనే తన మనసులోకి రాలేదనీ అంటాడు. పిల్లలను కాల్చడమనే ఆలోచనే తనకు రాలేదన్న దేవుడు, తానే సృష్టించిన తన పిల్లలను ఆ లోయ పేరు పెట్టిన చోట అంతు లేకుండా కాలుస్తాడా? ఇది మా తెలివి ప్రశ్న కాదు. ఆ గ్రంథమే అడిగిస్తోంది.

చదువుకున్న క్రైస్తవులు ఇచ్చే జవాబు ఒకటి ఉంది. దేవుడు ఎవరినీ నరకంలో పడేయడు, మనిషే దేవుణ్ణి వద్దనుకుని లోపలి నుంచి గడియ వేసుకుంటాడు అంటారు. ఇంగ్లండు రచయిత సి.ఎస్. లూయిస్ 1940లో అచ్చయిన పుస్తకంలో ఈ మాట చెప్పి ప్రసిద్ధం చేశాడు. తెలిసి తెలిసి ప్రేమను తన్నేసినవాడి విషయంలో ఈ జవాబులో బలం ఉంది. మా తాత విషయంలో లేదు. ఆయనకు తలుపే చూపించలేదు, ఇంక గడియ ఎక్కడిది? 1964లో రెండవ వాటికన్ మహాసభ, తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్లు కూడా మనస్సాక్షి ప్రకారం బతికితే రక్షణ పొందగలరని రాసింది. ఆ మాట రోమన్ కేథలిక్ సభది. మా వైపు కొండలకు వచ్చింది ఎక్కువగా బాప్టిస్టు సంఘాలు, తర్వాత పెంతెకొస్తువాళ్లు. ఆ మాట ఇక్కడి దాకా నడిచి రాలేదు.

ఇక తీర్పు సంగతి. ప్రేమగల దేవుడు ఎవరినీ ఏమీ అనడు, అందరినీ క్షమిస్తాడు అని పట్నంలో కూర్చుని చెప్పడం తేలిక. ఏజెన్సీలో పుట్టినవాడికి ఆ మాట చేదుగా ఉంటుంది. 1959లో భూబదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అయినా బినామీ పేర్లతో పోయిన పల్లపు భూములు మనకు తెలుసు. ఉప్పుకూ పొగాకుకూ చింతపండు, అడ్డాకు తూకం వేసుకుపోయిన చేతులు మనకు తెలుసు. ఏ కోర్టులోనూ నిలబడని ఆ మనుషులు ఎక్కడా, ఎప్పుడూ నిలబడనక్కర్లేదంటే, దేవుడు మనల్ని ప్రేమించాడని ఎట్లా నమ్మేది? తీర్పు ఉందన్న మాట దోచుకున్నవాడికి భయం, పోగొట్టుకున్నవాడికి అన్నం. మేము దాన్ని వదులుకోం.

కానీ తీర్పు వేరు, అంతు లేని తీర్పు వేరు. మా కుల పెద్దలు తప్పు వేసేవారు. ఘోరమైన తప్పు అయితే వెలి కూడా వేసేవారు. వెలి పడినవాడి ఇంట నిప్పు కూడా ఎవరూ తీసుకోరు. అది చిన్న శిక్ష కాదు. కానీ తప్పు కట్టాక, జరిగినదంతా అందరి ముందూ ఒప్పుకున్నాక, అతని చేత అందరికీ భోజనం పెట్టించి, అతని చేతి కూడు తిని కులంలో కలుపుకునేవారు. ఆ భోజనం దాకా వెళ్లకపోతే ఆ తప్పు పూర్తయినట్టు కాదు. పెద్దలు కూడా కొన్నిసార్లు అన్యాయం చేశారు, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, అది దాచం. అయినా శిక్ష దేనికోసమో వాళ్లకు తెలుసు.

మత్తయి సువార్తలో శిక్షకు వాడిన గ్రీకు మాట కొలాసిస్. దిద్దడానికి వేసే శిక్ష కొలాసిస్, పగ తీర్చుకునే శిక్షకు వేరే మాట ఉందని అలెగ్జాండ్రియా క్లెమెంటు వంటివారు తేడా చెప్పారు. నాలుగో శతాబ్దపు నిస్సా గ్రెగొరీ, చివరికి అందరూ శుద్ధి అయి దేవుణ్ణి చేరతారని రాశాడు. సంఘం ఆయనను ఇప్పటికీ పరిశుద్ధుడిగానే గౌరవిస్తోంది. ఇటువంటిదే చెప్పిన ఒరిగెనును మాత్రం ఆరో శతాబ్దంలో ఖండించారు. అగస్టీను వాదం ఇంకోలా ఉంది. ఒకే వాక్యంలో శిక్షకూ జీవానికీ ఒకే విశేషణం వాడితే, ఒకటి ఆగిపోయేదీ రెండోది ఆగనిదీ ఎట్లా అవుతుందని అడిగాడు. ఆ ప్రశ్నను కొట్టిపారేసేంత గ్రీకు మాకు రాదు. అది మా ముందు అలాగే ఉంది. ఏడో శతాబ్దంలో నినెవె ఇస్సాకు అనే సన్యాసి చెప్పిన దగ్గర మాత్రం కొంత ఊపిరి ఆడుతుంది. నరకంలో ఉన్నవాళ్లను కాల్చేది దేవుని ప్రేమేనని ఆయన అన్నాడు. ఎంత ప్రేమకు ద్రోహం చేశామో తెలియడమే ఆ మంట. అన్నను మోసం చేసి, ఆ అన్న ఇంట్లోనే అన్నం తినాల్సి వచ్చినవాడికి ఆ మంట తెలుస్తుంది.

సండే స్కూలు చెప్పే ఉపాధ్యాయులు మాలో చాలామంది ఉన్నారు. రంగుల బొమ్మల పుస్తకంలో మంటల పేజీ తిప్పి చూపించేటప్పుడు ఒక్కసారి పిల్లల ముఖాలు చూడండి. వాళ్లు తమ గురించి భయపడటం లేదు. తాత గురించి లెక్కలు వేసుకుంటున్నారు. ఆ పిల్లే రేపు గువార్ రాళ్ల పక్క నుంచి నడిచేటప్పుడు తల తిప్పుకుంటుంది. తండ్రి చనిపోతే రాయి నిలబెట్టాలా వద్దా అని అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు మా ఊళ్లోనే రెండు ఉన్నాయి.

మామ్మ ఇప్పుడు లేదు. పోయే ముందు చాలా ఏళ్లు ప్రతి ఆదివారం మందిరానికి వచ్చేది, ఆరాధన అయ్యాక ఇంటికి నేరుగా వెళ్లేది కాదు. రాళ్ల దగ్గర కాసేపు కూర్చునేది. కల్లు పోయడం, కోడిని కోయడం ఏమీ లేదు, ఉత్తినే కూర్చునేది. ఒకసారి మేము పక్కన కూర్చుని, ఏం చెప్తన్నావు మామ్మా అని అడిగాం.

"ఏటీ లేదు బాబూ. ఏసయ్యని అడుగుతన్నాను. నేనొచ్చినప్పుడు మా ముసిలోడు నేకపోతే, మరి నేను అక్కడేటి సెయ్యాల అని."

ఏమన్నాడు అని అడిగాం. ఇంకా ఏమీ అనలేదంది. మళ్లీ ఆదివారం అడుగుతానంది.