పాతరలో దాగుడుమూతలు

‘మీ అసలు ఊరేది?’ అని అడుగుతారు మమ్మల్ని. పుట్టిన ఊరు చెబుతాం. ‘అది సరే, అంతకుముందు?’ అంటారు. పక్కింటివాణ్ణి ఎవరూ ‘అంతకుముందు’ అని అడగరు. మమ్మల్నే అడుగుతారు. అడిగిన ప్రతిసారీ మేం తొందరపడి తీపి కబుర్లు విప్పుతాం. సంక్రాంతికి మాకొచ్చిన నువ్వులూ బెల్లం, రంజానుకు మేం పంచిన షీర్‌ఖుర్మా, పీర్ల పండక్కి అలావా చుట్టూ ఊరంతా ఎగిరిన అసోయ్‌దూలా. ఇదిగో, మేం ఈ మట్టివాళ్లమే అని సర్టిఫికెట్టు చూపించినట్టు చూపిస్తాం. ఆ జ్ఞాపకాలు నిజమే. కానీ వాటిని అలా చూపించడం న్యాయమేనా అన్నది చాలాకాలంగా మమ్మల్ని తొలుస్తున్న ప్రశ్న.

మా ఇంటి సంగతే చెబుతాం.

1977లో అబ్బా దుబాయి పోయాడు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు తీరేదాకా ఊళ్లో ఇల్లు గడవదని అమ్మీ మా నలుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని పుట్టింటికి వెళ్లింది. నాలుగు నెలలనుకున్నది పద్నాలుగు నెలలయింది. మాది జహీరాబాద్ వైపు పల్లె. అమ్మీది బీదర్ దగ్గరి పల్లె. 1956 దాకా రెండూ ఒకటే జిల్లా. జహీరాబాద్, నారాయణఖేడ్ అప్పటిదాకా బీదర్ జిల్లావే. ఆ ఏడాది హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు ఇవి ఇటొచ్చాయి, బీదర్ అటుపోయింది. అమ్మీ ఊరు ఉన్నచోటే ఉంది. పెళ్లినాటికి మాత్రం ఆమె పుట్టిల్లు పరాయి రాష్ట్రమైపోయింది.

ఆ పద్నాలుగు నెలలూ మాకు పండగే. పొద్దున్నే నానీ కట్టెలపొయ్యి ముందు కూచుని జొన్నరొట్టెలు తట్టేది. అంబాడేకీ భాజీ, ఉల్లిగడ్డ ముక్క, వేడి రొట్టె. ఇంట్లో దక్కనీ, వాకిట్లో కన్నడం, సంతలో మరాఠీ, మా నోళ్లలో తెలుగు. ఏ భాష ఎవరిదో మాకు పట్టేది కాదు. పక్కింటి లింగాయతుల అవ్వ మేం కనబడితే చాలు ‘ఊటా ఆయ్తా?’ అనేది. తిన్నామన్నా వదిలేది కాదు. పెరుగులో నానిన రొట్టె చేతిలో పెట్టేది.

మాము బీదర్‌లో బిద్రీ పని చేసేవాడు. సైకిలు మీద ముందొకణ్ణి, వెనకొకణ్ణి కూచోబెట్టుకుని తీసుకుపోయేవాడు. చెక్కిన గీతల్లో వెండితీగ కొట్టడం, కోటలో తవ్వి తెచ్చిన మట్టిని నవాసాగరంతో మరగబెట్టి అందులో పాత్రను ముంచడం నోరు తెరుచుకుని చూసేవాళ్లం. పాత్రంతా నల్లబడి వెండి ఒక్కటీ తెల్లగా తేలేది. తిరిగొచ్చేటప్పుడు ఊరి మొగదల దుకాణంలో బత్తాసలు కొనిచ్చేవాడు. దుకాణం ముసలాయన ఒకటి ఎక్కువే వేసేవాడు.

అన్నిటికన్నా మాకిష్టం దాగుడుమూతలు. అవ్వ ఇంటి వెనక జొన్నల పాతర ఉండేది. వాడకం మానేసి చాలాకాలమయింది. రాతిమూత పక్కన పడుండేది. అందులో దిగి దాక్కుంటే ఎవరికీ దొరికేవాళ్లం కాదు. ఒకనాడు మా చిన్నోడు లోపల దాక్కుని ఎంత పిలిచినా పలకలేదు. నానీ పరిగెత్తుకొచ్చింది. వాణ్ణి పైకి లాగి, మాలో పెద్దదాని చెంప పగలగొట్టింది. నానీ మమ్మల్ని కొట్టడం అదొక్కసారే. ఆ రాత్రి అమ్మీ అన్నం ముట్టలేదు. పాముకో పురుగుకో భయపడ్డారనుకున్నాం.

1991లో నానీ పోయింది. నలభయ్యోరోజు ఫాతెహా అయ్యాక అమ్మీ నోరు విప్పింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య అయిపోయిన తర్వాత మూకలు ఆ ఊరిమీద పడ్డాయి. నానానూ, ఆయన అన్ననూ ఊరి బయటికి తీసుకుపోయారు. వాళ్లు తిరిగిరాలేదు. నానీనీ, నాలుగేళ్ల అమ్మీనీ, పాలు తాగే మామునీ పక్కింటి అవ్వ ఆ పాతరలో దించి మూడు రాత్రులు కాచింది. చీకటిపడ్డాక మూత జరిపి రొట్టె, నీళ్లు అందించేది. మాము ఏడవకుండా నానీ కొంగు వాడి నోటికి అడ్డంపెట్టి కూచునేది. మేం ఆడుకున్నది ఆ పాతరలో. నానాను తీసుకుపోయినవాళ్లలో ఊరివాడూ ఒకడున్నాడు. బత్తాసల దుకాణం ముసలాయన.

మూకలకు కారణం లేదని మేం అనం. అంతకుముందు రజాకార్లు పల్లెలమీద పడి హిందువులను చంపారు, దోచారు, ఇళ్లు తగలబెట్టారు. ఆ ముసలాయన ఇంట్లో ఎవరి శవం లేచిందో మాకు తెలీదు. కానీ నానా రజాకారు కాడు, గుడ్డలు కుట్టుకునేవాడు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువన్నది. ముసల్మానులను కాపాడిన హిందువుల గురించీ రాసింది. ఆ నివేదికను ప్రభుత్వాలు దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. మా నానీ కూడా పెట్టలేదు. ఆమె మూసిపెట్టడం, ప్రభుత్వం మూసిపెట్టడం ఒకటేనా?

ఒకటి కాదనే మా నమ్మకం. ప్రభుత్వం తన పరువు కోసం దాచింది. నానీ మా బాల్యం కోసం దాచింది. అయినా, ఆమె దాచినదాని మీద మేం కట్టుకున్న తీపి జ్ఞాపకాలు అబద్ధమవుతాయా? ఆ బత్తాసలు ఇప్పుడు నోట్లో చేదవ్వాలా? చాలాకాలం చేదయ్యాయి. ఆ పద్నాలుగు నెలల్ని తలుచుకోవడమే నానాకు ద్రోహమనిపించింది. తర్వాత తెలిసొచ్చింది: ఆ ఊరిని మాకంటే ఎక్కువ తెలిసిన మనిషి నానీ. అన్నీ తెలిసి అక్కడే ముప్ఫయ్యేళ్లు రొట్టె తట్టింది, మమ్మల్ని ఆ వాకిట్లో ఆడుకోనిచ్చింది. ఆమె ప్రేమించిన ఊరిని ద్వేషించే హక్కు మాకెక్కడిది? అలాగే, ఆమె క్షమించిందని చెప్పే హక్కు కూడా మాకు లేదు. ఆమె ఆ మాట ఎన్నడూ అనలేదు.

బీదర్‌లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా ఉంది. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీలకు వజీరయినవాడు. శత్రురాజుకు రాసినట్టు దొంగ ఉత్తరం పుట్టించి చూపిస్తే, సుల్తాను 1481లో అతన్ని చంపించాడు. ఏళ్లతరబడి చేసిన కొలువు ఒక్క కాగితం ముందు నిలవలేదు. నమ్మకూడదనుకున్నవాడికి ఏ సర్టిఫికెట్టూ చాలదు. మన తీపి కబుర్లూ అంతే. వాటిని సాక్ష్యంగా బోనెక్కిస్తే ఏమవుతుంది? అవ్వ పెట్టిన రొట్టెను మాత్రమే చెప్పి, దుకాణం ముసలాయనను మింగేస్తాం. లేదంటే కోపంలో ముసలాయనను మాత్రమే చెప్పి, అవ్వను చంపేస్తాం. రెండూ ఎదుటివాడి కోసం చెప్పే కథలే. మా పిల్లలకు రావలసినది మొత్తం కథ.

ఆ మధ్య పిల్లల్ని తీసుకుని అమ్మీ ఊరు వెళ్లాం. అవ్వ లేదు. పాతరను పూడ్చేశారు, దానిమీద మునగచెట్టు పెరిగింది. ఇక్కడే దాగుడుమూతలాడుకునేవాళ్లమని చెప్పాం. ఇక్కడే మీ నానమ్మ దాక్కుందనీ చెప్పాం. పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చిన్నది అడిగింది: ‘మరి ఆ బత్తాసల దుకాణం ఎక్కడ?’

తీసుకెళ్లి అదీ చూపించాం.