వచ్చేవాడికీ ఇల్లుంటుంది

అశ్వారావుపేట అడవిగాలిలో పెరిగినదాన్ని, వానంటే నాకు భయమేమిటి? 2024 జూలైలో హ్యూస్టన్‌లోని మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు కూడా ఇదే బడాయి. ఎనిమిదో తేదీ తెల్లవారుజామున బెరిల్ తుఫాను తీరం దాటింది. కరెంటు పోయింది. గాలి కాస్త తెరిపివ్వగానే, "ఊరెలా ఉందో చూసొద్దాం పదవే" అన్నాను.

చెల్లెలు కారు తాళాలు కొంగున ముడేసుకున్నంత పని చేసింది. "రోడ్డు మీద తీగలు తెగిపడి ఉంటాయి. నీళ్ళ కింద గొయ్యుందో రోడ్డుందో తెలీదు. నీ ప్రాణం నీ ఇష్టమేలే అక్కా! కానీ నిన్ను తీయడానికి దిగేవాడికీ ఇల్లూ పిల్లలూ ఉంటారుగా?"

నాకు చురుక్కుమంది. పాస్‌పోర్టు సంచీ ఒళ్ళో పెట్టుకుని, ముందే పట్టి ఉంచుకున్న నీళ్ళు పొదుపుగా తాగుతూ కూర్చున్నాను.

పదో రోజున, అంటే 18న, మా మండలంలోనే గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు గట్టు తెగింది. వరదలో చిక్కుకున్నవాళ్ళకోసం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. వాళ్ళు సరదాకి వెళ్ళినవాళ్ళు కారు. నీళ్ళే వాళ్ళమీదికొచ్చాయి. అలాంటివాళ్ళకి అందాల్సిన చేతిని, చోద్యం చూడబోయిన నేను పట్టుకుని లాగితే దాన్ని ధైర్యమంటారా?

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి, "గడప దాటకండి" అన్నాను.

"ఎప్పట్నుంచే నీకీ పిరికితనం?" అంది అమ్మ.

పిరికితనం కాదమ్మా, ఇన్నాళ్ళకి ఇంకొకరి ప్రాణం కూడా లెక్కలోకి వచ్చింది!