పొగడనని ఒట్టు పెట్టుకోకు బిడ్డా

చిరంజీవి మనుమరాలికి,

జనగామ నుంచి తాత ఆశీస్సులు. పెద్ద సార్లు నువ్వు పాఠం చెప్పే బడికి వచ్చినప్పుడల్లా అందరూ పోటీపడి భజన చేస్తుంటే రోత పుట్టిందనీ, ఇక మీద ఎవరినీ పొగడననీ రాశావు. మొదటి మాట నాకు నచ్చింది. రెండోదానికే ఈ జవాబు.

మన బమ్మెర పోతన భాగవతాన్ని ఏ రాజుకూ ఇవ్వలేదు, రాముడికి అంకితమిచ్చాడు. రాజును కీర్తించి బతకడం ఆనాటి కవులకు పూట గడిచే దారి. అది ఆయనకు వద్దనిపించింది. అట్లాగని నోరు కట్టేసుకున్నాడా? కుంతి స్తుతి, భీష్ముడి స్తుతి, ప్రహ్లాదుడి స్తుతి, భాగవతం నిండా స్తుతే గదా! పొగడ్తను అమ్మనన్నాడు, అంతే.

అయితే దేవుణ్ణి పొగడడం తేలిక. మనిషిని పొగడడమే కష్టం. మన జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వస్తే అందరం సంబరపడ్డాం. ఆ కళను తరతరాలుగా మోసిన చిందోళ్ల బతుకు ఎట్లుండేదో కూడా నువ్వు తెలుసుకోవాలి. రాత్రి రాజు వేషం కట్టినవాడికి ఊరంతా చప్పట్లు కొట్టేది, చదివింపులు చదివించేది. తెల్లారి రంగు కడుక్కొని అదే మనిషి మంచినీళ్లు అడిగితే దూరంగా నిలబెట్టి దోసిట్లో పోసేవాళ్లు. ఆటను మెచ్చి మనిషిని గడప బయట ఉంచిన ఆ చప్పట్లను నేను పొగడ్త కింద లెక్కగట్టను. రాత్రి మెచ్చుకున్నవాణ్ణి పొద్దున ఇంట్లోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోగలగాలి.

ఇంకో సంగతి, కంటికి కనబడే పనికే మన మెప్పు అందుతుంది. భూపాలపల్లిలో మీ మేనమామ కేటీకే బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా ఆసరాలు పెట్టే పని చేస్తాడు. తవ్విన బొగ్గు టన్నుల్లో లెక్కకొస్తుంది. కూలని కప్పు ఏ లెక్కలోకీ రాదు. షిఫ్టు దిగి అందరూ క్షేమంగా ఇల్లు చేరడమే ఆయన పనితనం. దసరాకు పోయినప్పుడు ఆ మాట ఆయనతో అను. ఇన్నేళ్లలో ఎవరూ అని ఉండరు.

తండా పిల్లల నోట్‌బుక్కుల మీద వరసబెట్టి 'గుడ్', 'గుడ్' అని రాసుకుంటూ పోకు. వాళ్ల తల్లులు మీ మానుకోట మిరప కల్లాల్లో తాలుకాయను ఎట్లా ఏరుతారో చూశావు గదా. అంతా ఒకే కుప్ప పోస్తే ఎర్రకాయకూ ధర పలకదు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల ఈ రోజు తడుముకోకుండా ఒక తెలుగు వాక్యం పూర్తిచేసిందనుకో, ఆ వాక్యం పేరుపెట్టి మెచ్చుకో. సాయంత్రం తల్లి తీసుకుపోవడానికి వస్తే ఆమె ముందర మళ్లీ చెప్పు. బడి నుంచి ఫిర్యాదులే తప్ప మంచి మాట వినడం ఆ తల్లులకు అలవాటు లేదు.

ఇక తీసుకునే సంగతి. హెడ్మాస్టరమ్మ నలుగురిలో నీ పాఠాన్ని మెచ్చుకుంటే 'నాదేముంది మేడమ్' అన్నావట. నువ్వు వినయమనుకున్నావు. ఆమె ఇచ్చిన మాటను మాత్రం కింద పడేశావు. 'సంతోషం మేడమ్' అంటే చాలు. అందులో ఇంకొకరి చెయ్యి ఉంటే అక్కడే వాళ్ల పేరు చెప్పు. ఆ పాఠానికి చార్టులన్నీ రాత్రి కూర్చొని గీసింది పక్క తరగతి టీచరని నువ్వే రాశావు. మరి ఆ నలుగురిలో ఆమె పేరు నీ నోట ఎందుకు రాలేదమ్మా?

ఇప్పటికీ ఆలస్యం కాలేదు. సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లల ముందర, హెడ్మాస్టరమ్మ ముందర ఆమె పేరు చెప్పు, ఏం గీసిందో కూడా చెప్పు. చెప్పి నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
మీ తాత