కొలత యెవరిది?

వీథి చివర చెట్టుక్రింద కుట్టుమిషను పెట్టుకొని కూర్చుండు దర్జీని చూడుడు. రవిక కుట్టింపవచ్చిన స్త్రీ లావైనను బక్కయైనను అతడు ముఖము చిట్లింపడు. టేపు తీసి కొలుచును. లేదా ఆమె తెచ్చిన ఆది రవికను బల్లమీద పఱచి సుద్దతో గీత గీయును. చంకలో పట్టిన యెడల తప్పు తనదేయని యొప్పుకొని కుట్లు విప్పి మరల కుట్టును. "అమ్మా, రవిక సరిపోలేదు, నీవు నెలదినములు పస్తుండి రమ్ము" అని చెప్పిన దర్జీని నేనింతవఱకు ఎఱుగను. అట్లు చెప్పినవాడు మరునాడు ఆ చెట్టుక్రింద కూర్చుండలేడు.

ఐనను అట్లు చెప్పు వ్యాపార మొకటి లోకమున కలదు. పారిస్, మిలాన్, లండన్, న్యూయార్కు నగరములందు జరుగు ఫ్యాషను ప్రదర్శనములను చిత్రములలోనైన చూడనివారు మన యిండ్లలో నేడు తక్కువ. అందు నడచు బాలికలు ఏల అంత సన్నముగ నుందురు? పాశ్చాత్యుల సౌందర్యాభిరుచి యట్టిదని సామాన్యముగ చెప్పుదురు. నాకు ఆ సమాధానము చాలదు. పదునేడవ శతాబ్దమున రూబెన్సు వ్రాసిన చిత్రములలోని స్త్రీలు నిండైన దేహము గలవారు, వారును ఐరోపావారే. అభిరుచి వెనుక ఒక పనియేర్పాటు దాగియున్నది. దానిని తెలిసికొన్నగాని దోష మెవరిదో తేలదు.

1858 ప్రాంతమున చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అను ఆంగ్లేయుడు పారిసులో దుస్తుల యంగడి తెఱచి, తాను కుట్టించిన గౌనులను బ్రదికియున్న స్త్రీలచేత తొడిగించి గొప్పయిండ్ల దొరసానులకు చూపు నాచారమును ప్రబలింపజేసెను. ఆయన భార్య మారీ వెర్నె ఆ పని చేసినవారిలో మొదటిదని చెప్పుదురు. అట్టివారికి మానకిన్ అని పేరు వచ్చినది. ఆ మాటకు డచ్చి భాషలో చిన్నమనిషి యని యర్థము. చిత్రకారుల యొద్దను దర్జీల యొద్దను నుండు బొమ్మకు అది పేరు. ప్రాణముగల పిల్లకు బొమ్మ పేరు పెట్టిన నాడే సగము కథ నడచిపోయినదని నాకు తోచును. అయినను వర్త్ కాలమున గౌను నచ్చిన దొరసాని తన కొలతలిచ్చి పోయెడిది. గౌను ఆమె మేనికి తగినట్లు క్రొత్తగా కుట్టబడెడిది. అంతవఱకు వర్త్ దొరయు మన చెట్టుక్రింది దర్జీయు ఒక్క ధర్మమువారే.

తయారు దుస్తుల కాలము వచ్చిన పిదప ఈ ధర్మము తలక్రిందులైనది. దుస్తుల రూపకర్త ఋతువునకు ముందుగా ఒక్కొక్క దుస్తును ఒక్కటే మచ్చుగా కుట్టించును. ప్రదర్శనమునకు, పత్రికల ఛాయాచిత్రములకు, కొనవచ్చిన వర్తకులకు చూపుటకు ఆ యొక్క మచ్చే తిరుగును. మచ్చు ఒక్కటి గనుక కొలతయు ఒక్కటే. ఏ బాలిక ఏ దుస్తు తొడుగవలసివచ్చునో కడపటివఱకు నిశ్చయము కాదు గనుక అందఱును ఆ యొక్క కొలతకు దిగివచ్చి యుండవలయును. మచ్చును పెద్దదిగ కుట్టిన ఖర్చు, రెండు మూడు కొలతలలో కుట్టిన శ్రమ, వీనిని తప్పించుకొనుటకు వ్యాపారి కనుగొన్న సులభోపాయ మేమనగా, పిల్లను తగ్గించుట. గుడ్డను విప్పి కుట్టుటకు కూలి యియ్యవలయును. పిల్ల తన్ను తాను తగ్గించుకొనుటకు కూలి లేదు.

1966లో లండనులో ట్విగ్గీ యను పదునాఱేండ్ల బాలిక ప్రసిద్ధికెక్కినది. ఆ ముద్దుపేరే పుల్లను సూచించునది. ఆమె సహజముగనే సన్నని పిల్ల. ఆమెను నిందించుట న్యాయము కాదు. ఒకతెకు సహజమైన దానిని వేలమందికి నియమముగ మార్చినవారిదే నింద. ఆస్ట్రేలియాలో వోగ్ పత్రికకు సంపాదకురాలుగ నుండిన కిర్స్టీ క్లెమెంట్స్ 2013లో ప్రకటించిన గ్రంథమున, మోడళ్లు ఆకలి నడచుకొనుటకు తినరానివి తినుటయు, ఇంకను తగ్గుమని ఆజ్ఞలందుకొనుటయు వ్రాసినది. లోపలివారు చెప్పిన మాట గనుక దీనిని అసూయాపరుల ప్రలాపమని కొట్టివేయ వీలులేదు.

ఇట మన చీరను తలచుకొని మీసము దువ్వువారు కొందఱుందురు. చీరకు కొలత లేదు, అవ్వ కట్టిన చీరను మనుమరాలు కట్టవచ్చును, నిజమే. కాని పెండ్లిచూపులలో పిల్లను కూర్చుండబెట్టి లావనియు బక్కయనియు తూచువారము మనమే. కావున ఇతరుల తప్పును విచారించునపుడు గొంతు కొంచెము తగ్గించియే విచారింతము.

2006వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన ఉరుగ్వే దేశమునందలి మాంటెవీడియో నగరమున లూయిసెల్ రామోస్ అను 22 ఏండ్ల మోడలు, ప్రదర్శనము జరుగుచుండగనే గుండె ఆగి మరణించెను. ఆ సెప్టెంబరులో మాడ్రిడ్ నగరపు ప్రదర్శనమువారు మేలుకొని, బి.ఎం.ఐ. 18కి తక్కువయైన వారిని నడువనీయమని ప్రకటించిరి. బి.ఎం.ఐ. యనగా కిలోలలోని బరువును మీటర్లలోని పొడవుయొక్క వర్గముచేత భాగింపగా వచ్చు అంకె. నవంబరులో బ్రెజిలు దేశపు అనా కరోలినా రెస్టన్, 21 ఏండ్ల పిల్ల, చనిపోయెను. 2007 ఫిబ్రవరిలో లూయిసెల్ చెల్లెలు ఎలియానా, 18 ఏండ్లది, ఆమెయు మోడలే, గుండె ఆగియే పోయెను. అక్కచెల్లెండ్ర విషయమున వంశానుగతమైన హృద్రోగమేమో యని శంకించినవారును గలరు. రెస్టన్ విషయమున అట్టి శంకకు చోటు లేదు. ఆమెను చంపినది అనొరెక్సియా. అన్నమెదుట నుండగా తినలేని మనోవ్యాధి. మనోవ్యాధులలో ఇంతమందిని బలిగొనునవి మిక్కిలి కొలది.

ఈ మరణములు చెప్పినపుడెల్ల ఒక ప్రశ్న పుట్టును: ఆమెను ఎవరు నిర్బంధించిరి? తన దేహము తనది, తన యిష్టముతో వచ్చినది, ధనము గడించినది. నడుమ లోకుల కేమి? ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. స్త్రీ దేహముమీద స్త్రీకే హక్కు గలదని వాదించువారమైన మనము దానికి మొదట బదులు చెప్పవలసినవారము.

ఆ 'ఆమె' తఱుచుగ స్త్రీ కాదు, బాలిక. 2017లో ఫ్రాన్సునందలి రెండు మహావ్యాపార సంస్థలు, ఎల్.వి.ఎం.హెచ్., కెరింగ్ అనునవి, పదునాఱేండ్లు నిండని పిల్లలను పెద్దల దుస్తుల ప్రదర్శనమునకు ఇకమీద పెట్టుకొనమని ప్రతిజ్ఞ చేసినవి. ఇట్లు ప్రతిజ్ఞ చేయవలసివచ్చినదనగా అంతకుముందు నడచిన దేమో చెప్పనక్కఱ లేదు. పిల్ల సంతోషముతోనే పెండ్లిపీటలమీద కూర్చున్నదని వాదించిన పెద్దలకు మన తాతల తరము చెప్పిన సమాధానమే ఇచ్చటను చెల్లును.

పెద్దదానయే యనుకొందము. అప్పుడును మఱియొక చిక్కు గలదు. 1944, 1945 సంవత్సరములలో అమెరికా దేశపు మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, యుద్ధమున ఆయుధము పట్టమని నిరాకరించిన 36 మంది యువకులను, వారి సమ్మతితోనే, ఆఱు నెలలపాటు అర్ధాహారముమీద నుంచెను. యుద్ధముచేత కఱవు పడిన ఐరోపా ప్రజలను మరల బ్రదికించుట యెట్లో తెలిసికొనుటకై చేసిన పరీక్ష యది. వారు ఆరోగ్యవంతులు, చదువుకొన్నవారు, ధర్మదీక్షతో వచ్చినవారు. బరువు నాల్గవ వంతు తగ్గునప్పటికి వారి దేహముతోపాటు మనస్సును మాఱిపోయినది. లోకవిషయములు రుచింపవు, స్నేహము రుచింపదు, నవ్వు రాదు. వంటపుస్తకములు సేకరించి చదువుచు, కంచములు నాకుచు కాలము గడపిరి. ఒకడు గొడ్డలితో తన వ్రేళ్లు మూడు నఱికికొని, కావలెనని చేసితినో చేయి జాఱినదో తనకే తెలియదనెను.

ఈ కడపటి మాట నా చెవిలో చిరకాలమునుండి మ్రోగుచున్నది. ఆకలి మొదట కండను తినును, తరువాత తీర్పును తినును. సమ్మతి యిచ్చునది మనస్సే గదా! ఆ మనస్సునే క్షీణింపజేయు నిబంధనకు అదే మనస్సు నెలనెలయు ఇచ్చుచున్న సమ్మతికి విలువ యెంత? మొదటి దినమున ఆమె తెలిసి యొప్పుకొన్నదే యనుకొన్నను, ఇక చాలునని చెప్పవలసిన దినమున అట్లు చెప్పగల శక్తి ఆమెయందు మిగిలియుండదు. ఇతరమైన కష్టపు పనులకును దీనికిని గల భేద మిదియే. గని కార్మికుడు ప్రాణభయముతో పనిచేసినను, భయమని తెలిసికొను తెలివి సాయంకాలమునకు వానికి మిగిలియే యుండును.

ప్రభుత్వములు ఊరక యుండలేదు. ఇజ్రాయిలు దేశము 2012లో శాసనము చేసి, 2013 జనవరి మొదలుకొని, మూడు నెలలలోపల పుచ్చుకొన్న వైద్యుని పత్రము చూపి బి.ఎం.ఐ. 18.5కి తగ్గలేదని ఋజువు చేసినగాని పని యీయరాదని విధించెను. ఫ్రాన్సులో 2017 మొదలు మోడలుకు వైద్యుని పత్రము ఉండితీరవలయును. అతిక్రమించిన యజమానికి ఆఱు నెలల చెఱయు 75,000 యూరోల జరిమానాయు పడవచ్చును. దేహమును సన్నముగనో లావుగనో కనబడునట్లు దిద్దిన ప్రకటనచిత్రములపై దిద్దినట్లు వ్రాయవలెనని కూడ నియమించిరి. ఇవి మంచి శాసనములు. కాని వీనితో కార్యము తీరినదనుకొనలేను. అంకె నిర్ణయించిన తోడనే మరల త్రాసుమీద నిలువబడినది ఆ పిల్లయే. నిన్న ఎక్కువయైనదని త్రిప్పిపంపిన వాకిటనే నేడు తక్కువయైనదని త్రిప్పిపంపుదురు. పుట్టుకతో సన్ననైనది, తిని తిరుగునది, రోగములేనిది యీ అంకెచేత కూడు పోగొట్టుకొనును. లోలోపల తన్ను తాను ఎండగట్టుకొనుచున్నది అంకెకు పైన నిలిచి తప్పించుకొనును. ఈ లెక్క 1830ల నాటి బెల్జియము ఖగోళశాస్త్రజ్ఞుడు కెట్లే కట్టినది. ఆయన వెదకినది జనసమూహముయొక్క సగటు మనిషిని గాని ఒక్కొక్కరి ఆరోగ్యమును గాదు. దానికి 1972లో బి.ఎం.ఐ. అను పేరు పెట్టినవాడు పైని చెప్పిన ఆన్సెల్ కీసే యగుట ఒక వింత.

ఆ 18.5 అను అంకె మనకును సుపరిచితమే. 2019-21లో మన దేశమున జరిగిన కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 18.7 మంది ఆ గీతకు క్రిందనుండిరి. ఇచ్చట ఆ గీత పేదయింటి కుండను చూపుచున్నది. అచ్చట అదే గీతకు క్రిందుగ దిగుటను శోభ యనుకొన్నారు. ఒక్క కొలతబద్దతో దారిద్ర్యమును వైభవమును కొలువవలసివచ్చిన కాలమిది.

కీడు ప్రదర్శనశాల గోడల లోపలనే ఆగినచో ఇంత విచారింపనక్కఱ లేకపోవును. అది చూచువారికిని సోకును. మన తెలుగువారును గిర్మిటు కూలికి పోయిన ఫిజీ ద్వీపములలో నద్రోగా అను సీమ కలదు. అచ్చటి స్థానికజాతివారికి బలిసిన మేనియందే గౌరవము. పిల్ల చిక్కినదన్న బంధువులు సరిగ చూచుకొనలేదని లోకులనుకొందురు. 1995లో అచ్చటికి టెలివిజను వచ్చినది. అమెరికాలోని హార్వర్డు విద్వాంసురాలు ఆన్ బెకర్ ఆ యేడును, తిరిగి 1998లోను, పాఠశాల బాలికలను పరీక్షించెను. ఆహారమునుగూర్చి వికారపు తలంపులు గలవారు నూటికి సుమారు 13 నుండి 29కి పెరిగిరి. సన్నబడుటకై తిన్నది కక్కుకొనువారు మొదట ఒక్కరును లేరు. మూడేండ్లకు నూటికి 11 మంది. పరీక్షింపబడినవారు రెండుమాఱులును అఱువదికి పైబడినవారే గాని వందలు కారు. ఆ తెరమీద కనబడినవారందఱు మోడళ్లును కారు. ఐనను తెరమీది కొలత మోడలు కొలతయే.

మఱి లావైనవారిని ప్రదర్శనమున నడిపించినచో స్థూలకాయమును మెచ్చినట్లగునని వైద్యులవలె మాటాడు పెద్దలు గలరు. స్థూలకాయము హానికరమే, మధుమేహము ఇంటింట నున్న మన నాట ఎవరును కాదనరు. కాని దుస్తుల యంగడి వైద్యశాల కాదు. ఉన్న మేనిని ఉన్నట్లు కప్పుట దాని పని. లావైన స్త్రీకి మంచి గౌను దొరకకుండ చేసినంతమాత్రమున ఆమె చిక్కదు, సిగ్గుపడి యింట కూర్చుండును. పైగా ఈ వ్యాపారమున లావని ముద్రవేయబడిన మోడళ్లలో పెక్కండ్రను మన వీథిలో నిలిపినచో ఎవరును లావనరు.

కావలసినది మఱియొక అంకె గాదు. ఎల్.వి.ఎం.హెచ్., కెరింగ్ సంస్థలు తమ ప్రతిజ్ఞలో ఫ్రెంచి కొలత 32ను విసర్జించినవి. తరువాతి మెట్టు 34. మచ్చు ఒక్కటే యున్నంతకాలము 32 పోయి 34 వచ్చినను, పిల్ల గుడ్డను అనుసరింపవలసినదే. మచ్చు పనిబల్లమీద రెండు మూడు కొలతలుగ పుట్టినగాని, తొడుగువారి మేనికి దానిని సరిచేయు దర్జీకి కూలి యిచ్చినగాని యీ పద్ధతి మాఱదు. ఇది కానిపని యని వ్యాపారులందురు. 2016లో అమెరికా దేశపు హాస్యనటి లెస్లీ జోన్స్, తన చలనచిత్రము మొదటి యాటకు దుస్తు కుట్టియిచ్చు రూపకర్త ఒక్కడును దొరకలేదని బహిరంగముగ చెప్పుకొనెను. ఆమె ఆఱడుగుల పొడవరి, మచ్చు కొలతకు చిక్కునది గాదు. న్యూయార్కునందలి క్రిస్టియన్ సిరియానో అను రూపకర్త తాను కుట్టెదనని ముందుకు వచ్చి, ఆమె కొలతలు పుచ్చుకొని గుడ్డ కత్తిరించెను. జూలై నెలలో ఆమె ఆ యెఱ్ఱని గౌను తొడిగికొని ఆటకు వెళ్లెను.